నీలిమందు చుక్క

మద్దిగూడెం, సిరోంచ తాలూకా
11 డిసెంబర్ 2003

ప్రసన్నక్కా,

ఇంట్లో అందరం బాగున్నాం. ఊరే బాగాలేదు. ఫోన్ చేద్దామంటే సిరోంచ బస్టాండు దగ్గర కొట్టు ఫోనే దిక్కు. నేను మాట్లాడుతుంటే సామాన్లకు వచ్చిన వాళ్ళంతా బేరం ఆపి చెవులు రిక్కిస్తారు. అందుకే ఈ ఉత్తరం. నా కోడిగీతలు చూసి నవ్వకు.

ప్రాణహిత ఒడ్డున మద్దిచెట్లు గుర్తున్నాయా? రాబందుల రెట్టలు పడీ పడీ సున్నం కొట్టినట్టు ఉండేవి. కిందటి వానలకు ఆ తెలుపంతా కడుక్కుపోయింది, మళ్ళీ పడలేదు. చిన్నప్పుడు మనం వాటిని లెక్కపెట్టలేక వదిలేసేవాళ్ళం. నిన్న లెక్కపెట్టాను, తొమ్మిది. అవి కూడా మెడ విరిగినట్టు తల కిందికి వేలాడేసి కూర్చుంటున్నాయి. రాయి విసిరినా కదలవు. ఒకటి రెండు రోజులు అట్లాగే ఉండి, ఒక పొద్దున కొమ్మ కింద పడి ఉంటాయి.

మన ఊళ్ళో దుక్కిటెద్దును మట్టిలో పెట్టరని నీకు తెలుసు. పొలంలో అంత చాకిరీ చేసింది, పక్షుల వెంట పైకి పోవాలంటారు. ఇప్పుడు చచ్చాక ఊరవతలి బీట్లో పడుకోబెట్టిన పశువు వారం రోజులు అట్లాగే ఉంటోంది, కళ్ళు తెరుచుకుని. అటు పోయే తోవలో జనం తల తిప్పుకుని నడుస్తున్నారు. కుక్కలు మాత్రం బాగా పెరిగాయి.

ఇంకొకటి ఉంది. కొన్ని పశువులు మాయమవుతున్నాయి. సాయంత్రం పడేసి వస్తే తెల్లారేసరికి ఉండవు. ఎముక లేదు, తోలు లేదు, నెత్తురు మరక లేదు. నేలంతా కొమ్మతో ఊడ్చినట్టు సాపుగా ఉంటుంది. రెండు నెలల్లో నాలుగు పోయాయి. జనానికి భయం పట్టుకుంది. పొద్దుగూకితే బీడు వైపు ఎవరూ పోవడం లేదు.

నువ్వు కాలేజీలో జీవశాస్త్రం చెప్తావు కదా, ఇదేందో జర చెప్పు.

నీ తమ్ముడు
తిరుపతి


చంద్రపూర్
15 ఫిబ్రవరి 2004

తమ్ముడూ,

నీ కోడిగీతలు చూసి నవ్వలేదు. రెండుసార్లు చదివాక ఒక్కదాన్నే గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం, నాకు జవాబు తెలియకపోవడం. ఈ నెల ఒక వార్త వచ్చింది. రాబందులు మీ ఊళ్ళోనే కాదు, దేశమంతటా చచ్చిపోతున్నాయి. ఇన్నేళ్ళూ మనవాళ్ళు ఏదో వైరస్ అంటూ వచ్చారు. ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు పశువులకు నొప్పికి ఇచ్చే మందే కారణమంటున్నారు, డైక్లోఫెనాక్. మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తింటే పక్షి మూత్రపిండాలు పాడవుతాయట. దీని మీద రెండు జట్లయి వాదించుకుంటున్నారు. నేను కూడా మా పిల్లల చేత చర్చ పెట్టించాను. ఒక అమ్మాయి లేచి, "మందు ఆపేయమంటున్నారు సరే, పశువు నొప్పి సంగతేమిటి, పెంచుకునేవాళ్ళను ఎవరైనా అడిగారా?" అంది.

నువ్వు పశువులకు వేసే నొప్పి సూది ఏది? సీసా మీద పేరు చూసి రాయి.

నీ అక్క
ప్రసన్న


మద్దిగూడెం
9 మార్చి 2004

అక్కా,

ఊళ్ళో పెద్ద గొడవైంది. సర్పంచ్ సుశీలాబాయి పక్షుల సంగతి మీద గ్రామసభ పెట్టించింది. మంచినీళ్ళ బోరు సంగతి వదిలి పక్షుల మీద సభ ఏందని కొందరు నవ్వారు కాని, నవ్విన వాళ్ళు కూడా వచ్చారు. అంత భయపడుతున్నారు జనం.

తలా ఒక మాట అన్నారు. ఫోన్ టవర్లన్నారు, ఎండలన్నారు, ఊరికి కీడు తగిలిందన్నారు. అప్పుడు కొండన్న లేచాడు. "నేను చెప్త వినుండ్రి. పక్షులు పొడిస్తే తోలుకు చిల్లులు పడ్తయి. ఖరాబైన తోలు ఎవడు కొంటడు? గందుకే ఆదయ్య పీనుగలకు విషం పూస్తుండు. మాయమైన ఎడ్లను గూడ ఆయనే ఎత్తుకపోతుండు. ఊడ్చిన జాగల నేను కాలు ఈడ్చిన గీత చూసిన" అన్నాడు.

తోలు తీసే ఆదయ్య గుర్తున్నాడు కదా. అల్లపల్లి డిపోలో టేకు దుంగ పడి ఎడమ కాలు పోయిన ముసలాయన, ఆ కాలు ఈడుస్తూ నడుస్తాడు. సభ జరుగుతున్నంతసేపూ ఆయన గోడ అవతల నిలబడే ఉన్నాడు. ఆయన వాళ్ళు ఎప్పుడూ అక్కడే నిలబడతారు. ఇక బీట్లో అడుగు పెట్టొద్దని తీర్మానం చేశారు. ఆయన గోడ మీంచి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మొన్న మధ్యాహ్నం ఒక రాబందు మన ఇంటి మీద వాలింది. నా మందుల పెట్టె ఉండే కిటికీకి ఎదురుగా, చూరు అంచున కూర్చుంది. తల వేలాడేసింది. నేను అన్నం తిని వచ్చినా అట్లాగే ఉంది. మర్నాడూ అట్లాగే ఉంది. దాని కింద నుంచే నేను సూదుల సంచి తగిలించుకుని బండెక్కి ఊళ్ళమీద పోయాను. తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు పడి ఉంది.

నీ తమ్ముడు
తిరుపతి


చంద్రపూర్
22 మార్చి 2004

తిరుపతీ,

నేనడిగింది సీసా మీద పేరు. మూడు పేజీలు రాశావు, ఆ ఒక్క మాట తప్ప.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ఈ పని ఎందుకు నేర్చుకున్నావో ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మన మైలెద్దు రెండు రోజులు అరిచి అరిచి చచ్చిపోతే, నాయన చెవుల్లో గుడ్డలు కుక్కుకుని దొడ్డి వెనక కూర్చుని ఏడ్చాడు. నీకప్పుడు తొమ్మిదేళ్ళు. అల్లపల్లి డాక్టరు దగ్గర ఐదేళ్ళు సంచి మోసి సూది వేయడం నేర్చుకుని వచ్చావు. ఇక బతకదనుకున్న పశువుకు నొప్పి తెలియకుండా పోయేలా ఆఖరి సూది వేస్తావని, అందుకే నలభై ఊళ్ళవాళ్ళు నీకు దండం పెడతారని నాకు తెలుసు. నేను కూడా గొప్పగా చెప్పుకున్నాను.

అందుకే అడుగుతున్నాను. మాయమైన పశువులు ఏవి? వాటికి నువ్వు ఆఖరి సూది వేశావా?

ఇంకో మాట. ఒక మనిషి మీద నేరం మోపుతూ ఆ మనిషిని గోడ అవతల నిలబెట్టి, ఒక్క మాటైనా అడగకుండా తీర్మానం చేస్తే అది సభ కాదు. మా శాస్త్రవేత్తల సభల్లోనూ ఇటువంటి గోడలున్నాయిలే, అది వేరే ఉత్తరం.

ప్రసన్న


మద్దిగూడెం
3 మే 2004

అక్కా,

ఆ మందే. నువ్వు పేరు రాసిన రోజే సీసా చూశాను.

నేను సూది వేసిన పశువుకు మెడ మీద నీలిమందు చుక్క పెడతాను, తెలియక ఇంకొకరు మళ్ళీ వేయకుండా. మాయమైన నాలుగింటికీ ఆ చుక్క ఉంది. ఇది నాకు మొదటి ఉత్తరం రాసేనాటికే తెలుసు. నీకు రాయలేదు. నా చుక్కను చూసి నా వెనకే ఏదో వస్తోందని భయపడ్డాను అక్కా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నిన్న సభలో లేచి చెప్పాను. మందు సంగతి, పట్నంలో జరుగుతున్న వాదన సంగతి, రెండు పక్షాలూ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "నొప్పి తగ్గించే మందు పానం తీస్తదా? ఏంది సారూ గీ లొల్లి" అన్నారు. అప్పుడు సుశీలాబాయి, ఆదయ్యను అడగమని నేను చెప్పడంతో, గోడ అవతలికి చూసి "ఆదయ్యా, నువ్వు చెప్పు" అంది. ఆయనకు ముందు అర్థం కాలేదు, తననేనా అని వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను. "చుక్క ఉన్న పశువును తిన్న పక్షి రెండు మూడు దినాలకు తల వాలేస్తది. చుక్క లేనిదాన్ని తిన్నది మంచిగనే ఎగురుతది. రెండేండ్ల సంది చూస్తున్న. ఇగ మనసు పట్టక, నేనూ నా పెండ్లాం పోశమ్మా తెల్లారంగ పోయి చుక్క ఉన్నోటిని వాగు ఇసుకల గుంత తీసి దొర్లించి పూడుస్తున్నం. తోలు గూడ తియ్యలే. తీస్తే కండ కనవడి పక్షి దిగుతది. ఎడ్లను మట్టిల పెట్టిండని మీరు కొడ్తరని నేలంత ఊడ్చిన."

"మరి గింత దినం ఎందుకు చెప్పలేదు?" అని కొండన్న గద్దించాడు.

"నన్ను ఎవరన్న అడిగిండ్రా?" అన్నాడు ఆదయ్య.

తర్వాత సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి ఒక ఏడాది ఆఖరి సూది ఆపి చూద్దామన్నారు. పక్షులు బతికితే ఆదయ్య మాట నిజం, చస్తే అబద్ధం. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎడ్లంటే ప్రాణం పెట్టే శంకరన్న.

తిరుపతి


చంద్రపూర్
14 మే 2004

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం మా స్టాఫ్ రూంలో చదివి వినిపించాను. ఒక్కరూ టీ ముట్టలేదు. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో పక్షుల్ని పెంచి, మందు తినిపించీ తినిపించకా పోల్చి చూస్తే తేలిన సంగతిని ఒక ముసలాయన చుక్కను చూసి తేల్చాడు. తన తోలు డబ్బులు పోగొట్టుకుని మరీ చూశాడు.

మీ సభ చేసింది కూడా ప్రయోగమే. అయితే ఒక షరతు ఉంది. ఏడాది పాటు ఎవరూ దొంగచాటుగా సూది వేయకూడదు. ఒక్క అబద్ధం చేరినా లెక్కంతా తలకిందులవుతుంది. నీకు చెప్పనక్కర్లేదనుకో.

ఆదయ్యకు నా దండాలు చెప్పు.

ప్రసన్న


మద్దిగూడెం
6 జనవరి 2005

అక్కా,

శంకరన్న పెద్దెద్దు పోయింది. పొట్ట ఉబ్బి, వెన్ను పడిపోయి మూడు రోజులు అరిచింది. ఊరు ఊరంతా విన్నది. పొయ్యిలు వెలిగాయి కాని ఎవరూ సరిగ్గా తినలేదు. పిల్లల్ని నదవతలి చుట్టాల ఇళ్ళకు పంపించారు. రెండో రోజుకు అది ఎద్దు అరుపులా లేదు, మనిషెవరో గోతిలోంచి పిలుస్తున్నట్టు ఉంది. శంకరన్న దాని తల ఒళ్ళో పెట్టుకుని కదలలేదు. మూడో రోజు పొద్దున అరుపు ఆగింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

బీట్లో పడుకోబెట్టాం. ఆదయ్య వచ్చి మెడ నిమిరి చూశాడు. "చుక్క లేదు గదా సారూ?" అని అడిగాడు. లేదన్నాను.

మూడో నాడు ఆకాశంలోంచి దిగాయి అక్కా! ఏడు. పది నెలల తర్వాత ఏడు పక్షులు. ఊరంతా పొలం గట్ల మీద బారులు తీరి నిలబడింది. ముసలమ్మలు చేతులు జోడించారు. శంకరన్న మాత్రం చూడలేక ఇంటికి పోయాడు. కొండన్న ఆదయ్య పక్కకు పోయి నిలబడి బీడీ ఇచ్చాడు.

నాకు ఆరోగ్యం అంత బాగాలేదు. అన్నం సయించడం లేదు.

తిరుపతి


మద్దిగూడెం
13 జనవరి 2005

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేను.

ఏడూ మద్దిచెట్టు మీద కూర్చున్నాయి. ఏడింటి తలలూ వేలాడుతున్నాయి. పొద్దున లేచి చూస్తే ఊరి వైపే తిరిగి తల వంచుకుని, మనం చెప్పేది వినడానికి వచ్చినట్టు ఉన్నాయి. ఐదు పడిపోయాయి.

నేను వేశాను. మూడో రోజు పొద్దున శంకరన్న నా కాళ్ళ మీద పడ్డాడు. "నీ కాల్మొక్త, దాన్ని పంపియ్యి" అన్నాడు. నాకు మైలెద్దు అరుపే వినిపించింది. వేశాను, చుక్క పెట్టలేదు. ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. ఆదయ్య అడిగింది చుక్క గురించి, లేదన్నాను. అది నిజమే. నా బతుకులో ఇంత పాడు నిజం చెప్పలేదు. చుక్క కనిపించి ఉంటే ఆయన పూడ్చేసేవాడు. ఏడూ బతికేవి.

ఇంకా ఉంది. నిన్న సభ పెట్టారు. కొండన్న లెక్క చెప్పాడు: "సూది లేదు, చుక్క లేదు. మరి పక్షులెట్ల సచ్చినయ్? సారు మందుల తప్పు లేదు. ఆదయ్య పీనుగను ముట్టిండు, అందరం చూసినం. విషం ఆయనదే." ఆ లెక్కలో నాకు ఒక్క తప్పు కనిపించలేదు అక్కా, నేను దాచింది తప్ప. వచ్చే ఆదివారం, ఇరవై మూడో తారీఖులోగా ఆయనా పోశమ్మా ఊరు విడిచి పోవాలన్నారు. పోశమ్మ అందరి ముందూ ఏడ్చింది. నేను అక్కడే కూర్చున్నాను.

చెప్తే నలభై ఊళ్ళలో నాకు పశువు తోక కూడా అందనివ్వరు. శంకరన్నను కూడా వదలరు. ఏం చెయ్యను?

తిరుపతి


చంద్రపూర్
17 జనవరి 2005

తిరుపతీ,

ఇది నాకు రాయాల్సిన ఉత్తరం కాదు. వాళ్ళకు చెప్పాల్సిన మాట.

మీ ఊరివాళ్ళు మూర్ఖులు కారు. నువ్విచ్చిన లెక్కతో సరిగ్గానే ఆలోచించి తప్పు మనిషిని పట్టుకున్నారు. లెక్క దిద్దగలిగింది నువ్వొక్కడివే. నీకు నొప్పిగా ఉంటుంది. ఈసారి సూది లేకుండానే ఓర్చుకో.

ఆదివారంలోగా.

ప్రసన్న


మద్దిగూడెం
28 మార్చి 2005

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. అల్లపల్లి రోడ్డు మీద వంతెన పని జరిగి టపా నాలుగు రోజులు ఆగింది. నీ ఉత్తరం సోమవారం నాడు అందింది, ఇరవై నాలుగున. అయితే అది నేను తప్పించుకోవడానికి రాస్తున్న మాట కాదు. ఏం చెయ్యాలో ఉత్తరం రాకముందే నాకు తెలుసు.

ఆ సాయంత్రమే సుశీలాబాయి ఇంటి ముందు జనాన్ని పిలిపించి చెప్పాను. మందు వేసింది, చుక్క దాచింది, ఆదయ్యను ఏమార్చింది, అన్నీ. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు, దానికే ఎక్కువ భయమేసింది. తర్వాత శంకరన్న లేచి, "సారును నేనే అడిగిన. మీరందరు గా అరుపు విన్నరు. మీరైతే ఏం చేస్తుండ్రి?" అన్నాడు. కొండన్న తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరం కలిసి ఆదయ్య గుడిసెకు పోయాం. తలుపు దగ్గరికి వేసి తాడు కట్టి ఉంది. ముందు రోజే నది దాటి పోయారట. బీట్లో చూస్తే శంకరన్న ఎద్దు ఎముకలు లేవు. ఇసుకలో ఒక పెద్ద గుంత పూడ్చి ఉంది, పక్కన ఐదు చిన్నవి. పోతూ పోతూ కూడా పూడ్చి పోయాడు. మిగిలిన రెండు పక్షులూ చెట్టు మీద లేవు. పడ్డాయో ఎగిరాయో ఎవరూ చూడలేదు. అది చెప్పగలిగిన మనిషిని మేమే పంపేశాం.

ఆ తర్వాత మూడు సభలు జరిగాయి. పక్షీ బతకాలి, పశువూ నొప్పితో పోకూడదు, రెండూ ఎట్లాగని కొట్టుకుని కొట్టుకుని ఒక మాటకు వచ్చారు. కావాలన్నవాళ్ళు ఆఖరి సూది వేయించుకోవచ్చు, సభలో అందరికీ చెప్పి. చుక్క తప్పకుండా పెట్టాలి. ఆ పశువును ఇంటివాళ్ళే గుంత తీసి మట్టిలో పెట్టాలి. పక్షుల వెంట పైకి పోయే భాగ్యం దానికి ఉండదు. ఆ మాట అన్నప్పుడు కొందరు ఏడ్చారు కూడా. ఆదయ్యను వెతకడానికి ఇద్దరు నదవతల మంచిర్యాల దాకా పోయి వచ్చారు. కనపడలేదు.

మొన్న కొండన్న ముసలెద్దుకు కాలం దగ్గరపడింది. సభలో చెప్పి, నా చేత సూది వేయించుకుని, చుక్క తన చేత్తోనే పెట్టాడు. పొద్దుగూకేలోపు బీట్లో చేర్చాం. తెల్లారంగ గుంత తీద్దామని కొండన్నా నేనూ పారలు పట్టుకుని పోయాం.

ఎద్దు లేదు అక్కా. నేల కొమ్మతో ఊడ్చి ఉంది. ఇసుక ఒకచోట తడిగా, ఎత్తుగా ఉంది. అక్కడి నుంచి ఒక మనిషి అడుగులు, పక్కన ఇంకొన్ని చిన్న అడుగులు నది వైపు పోయాయి. పెద్ద అడుగుల ఎడమ పక్క కాలు ఈడ్చిన గీత ఉంది. ఎండాకాలం కదా, ప్రాణహిత మోకాళ్ళ లోతే ఉంది. గీత నీళ్ళలోకి దిగి ఆగిపోయింది.

మేం పంపేసినా వస్తున్నారు. ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారో, ఎక్కడుండి చూస్తున్నారో తెలియదు. ఆ అడుగుల్ని తొక్కకుండా పక్కకు జరిగాను. భయం కాదు, సిగ్గు.

కొండన్న పార కింద పడేసి నీళ్ళలోకి దిగాడు. అవతలి ఒడ్డు వైపు చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టి, "ఆదయ్యా! తప్పు నాదే, ఇంటికి రా!" అని అరిచాడు. మసక వెలుతురులో అవతలి చెట్లు కనిపించలేదు. గొంతు పోయేదాకా పిలిచాడు, తర్వాత నేను పిలిచాను. జవాబు రాలేదు.

ఇద్దరం ఒడ్డున కూర్చుని పొద్దెక్కేదాకా చూశాం. ఇవాళ శంకరన్న కూడా వస్తానన్నాడు.

నీ తమ్ముడు
తిరుపతి